జక్రయ్య చేతి డ్రిల్లు

ఆరో జిన్ను దగ్గర జక్రయ్య నూనె డబ్బా వంచాడు. డబ్బా ముక్కు చివర చుక్క నిలిచింది. అది బేరింగు రంధ్రంలోకి జారేదాకా ఆగి, భుజం మీది గుడ్డతో ముక్కు తుడిచి, ఏడో జిన్ను దగ్గరికి నడిచాడు. మిల్లు ఇంకా మొదలుకాలేదు. మోటారు వేసేలోగా పత్తి గింజ తీసే మిషన్లన్నిటికీ నూనె పడాలి. పెళ్ళయిన ఏడాదే ఈ మిల్లులో చేరాడు. అప్పటి నుంచీ అతని పని ఇదే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఏ మూల ఏ మిషను కిర్రుమన్నా "నూనే!" అని కేకేస్తారు. జక్రయ్య వెళ్తాడు.

మనిషి సన్నం. కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు ఉంటుంది. డబ్బా అడుగు నొక్కీ నొక్కీ కుడిచేతి బొటనవేలు చదునైపోయింది. మెట్లెక్కితే ఛాతీలో ఈల మోగుతుంది. మిల్లు దుమ్ము తిన్నవాళ్ళందరికీ ఆ ఈల ఉంది కాబట్టి అతను దాన్ని జబ్బుగా లెక్కపెట్టుకోలేదు.

మిల్లులో సుత్తుల మీద, పానాల మీద మిల్లు అక్షరాలు చెక్కి ఉంటాయి. సాయంత్రం అవన్నీ స్టోరు గదిలో అప్పజెప్పి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి చేతులెత్తి చూపించి బయటపడాలి. ఇన్నేళ్ళలో జక్రయ్య అందించని పనిముట్టు లేదు. తనది అనదగ్గది ఒక్కటీ లేదు.

మోటారు వేశాక మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

"మధ్యాహ్నం నించి సెలవు కావాలండి."

"ఏరా, ఆస్పత్రికా?"

"కాదండి. సాయంత్రం పాస్టరు గారొస్తున్నారు, ఇంటి ప్రతిష్ఠకి. ఈలోగా తలుపు పెట్టుకోవాలి."

"వడ్రంగి కుదిరాడా?"

"నేనే పెడతానండి."

మేస్త్రీ నవ్వాడు. "నూనె పోసేవాడివి, నువ్వు తలుపు పెడితే ఎట్టా ఉంటదిరా?"

"కిర్రుమనదండి."

జక్రయ్య ఇల్లు అమరావతి రోడ్డులో, ఊరికీ పాత పల్లెకీ మధ్య గవర్నమెంటు కట్టించిన కాలనీలో ఉంది. గోడలు, పైకప్పు, గుమ్మం కాంట్రాక్టరు ఇచ్చాడు. తలుపులు ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలన్నాడు. నిరుడు కోతలప్పుడు అందులో చేరారు. అప్పటి నుంచి గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది. పాస్టరు గారు ఒకసారి వచ్చి, పట్టా చూసి, వెనక్కి వెళ్ళారు. మూసిన తలుపు ముందు నిలబడి ప్రార్థన చేస్తే ఇంటాయన తలుపు తీసి అందరినీ లోపలికి పిలవాలి. వాళ్ళ సంఘంలో ప్రతిష్ఠ అంటే అది. "తలుపు పెట్టుకుని కబురు చెయ్యి జక్రయ్యా" అన్నారు.

ఊళ్ళో వడ్రంగి బుల్లయ్య మంచి పనివాడే. అయితే ముందు రైతుల అరకలు, ఆ తర్వాత వాళ్ళ బళ్ళు, ఆ తర్వాత వాళ్ళ మంచాలు. అవన్నీ అయ్యాక పల్లె వాళ్ళ పని. జక్రయ్య తండ్రి తలుపు కోసం ఈ బుల్లయ్య తండ్రిని అడిగి అడిగి, తాటాకు తడికె వెనకే కన్నుమూశాడు. జక్రయ్య బుల్లయ్యని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగబుద్ధి కాలేదు. తండ్రి గుడిసె పక్కన వేపచెట్టు ఉండేది. దాన్ని కొట్టించి, గుంటూరు రంపపు మిల్లులో కోయించి, అక్కడే తలుపు రెక్క కూర్పించాడు. ఇక గుమ్మానికి బందులు బిగించి రెక్క నిలబెట్టడం మిగిలింది. వేప గట్టిది. బెజ్జం వేయకుండా స్క్రూ తిప్పితే పగుళ్ళిస్తుంది. బెజ్జానికి డ్రిల్లు కావాలి.

పట్నంబజారులో ఖాదర్ వలి ఇనప సామాన్ల కొట్టు. జక్రయ్య మెట్టు ఎక్కగానే ఆయన బీడీ పక్కన పెట్టాడు.

"మళ్ళీ వచ్చావా పెద్దాయనా? ఇవాళైనా కొంటావా, చూసి పోతావా?"

"కొంటాను సాయిబు గారూ. తియ్యండి."

ఖాదర్ వలి కరెంటు డ్రిల్లు తీశాడు. బల్ల మీద చెక్కముక్క పెట్టి, ప్లగ్గు పెట్టి, జక్రయ్య చేతికిచ్చాడు. మీట నొక్కగానే అది కోడెదూడలా మణికట్టుని పక్కకి లాగింది. జక్రయ్య రెండో చేయి వేశాడు. చెక్కపొట్టు లేచింది. అతని ముఖం వెలిగింది. మిల్లులో ఫిట్టరు ఇలాంటిది పట్టుకుంటే తను పక్కన నూనె డబ్బాతో నిలబడేవాడు. ఇప్పుడు మీట తన వేలి కింద ఉంది.

"చూశావా? చెయ్యి నొప్పి లేదు, ఆయాసం లేదు. నీ ఈడుకి ఇదే తీసుకో."

"మా కాలనీలో స్తంభాలు పాతారండి. తీగలు రాలేదు."

"రేపో మాపో వస్తాయిలేవయ్యా. తీగలొచ్చాక నన్ను తలుచుకుంటావు."

జక్రయ్య మళ్ళీ మీట నొక్కాడు. బిట్టు చెక్కలోకి సగం దిగింది. టప్పున ఆగింది. పైన ఫ్యాను కూడా మెల్లగా ఆగిపోయింది. బజారంతా కరెంటు పోయింది.

ఖాదర్ వలి పైకి చూశాడు. "ఈ కరెంటోళ్ళకి నా బేరం ఎప్పుడు చెడగొట్టాలో బాగా తెలుసయ్యా!"

ఇద్దరూ నవ్వారు. జక్రయ్యకి నవ్వు దగ్గులోకి తిరిగింది. తగ్గాక, "చేతిదే చూపించండి. తీగ లేనిది" అన్నాడు.

ఖాదర్ వలి మూడు చేతి డ్రిల్లులు బల్ల మీద పెట్టాడు. పైన కర్ర పిడి, పక్కన తిప్పే చక్రం, కింద బిట్టు పట్టుకునే మూడు దవడల మూతి. జక్రయ్య ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. మొదటిదాన్ని వెంటనే పక్కన పెట్టాడు. రెండోదాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి, తల అడ్డంగా ఊపాడు. మూడోదాన్ని చాలాసేపు తిప్పాడు.

"వాచీ కొనేవాళ్ళు పెట్టుకుంటారయ్యా చెవి దగ్గర."

"దీని పళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకోవడం లేదండి."

ఇందాక సగంలో ఆగిన బెజ్జంలో ఆ డ్రిల్లు పెట్టి, పిడిని ఛాతీకి ఆనించి చక్రం తిప్పాడు. ఛాతీలో ఈల, చక్రం చప్పుడు కలిసి వినబడ్డాయి. బిట్టు అవతలికి వచ్చింది. చెక్క ఎత్తి చూస్తే బెజ్జంలోంచి ఖాదర్ వలి చొక్కా గుండీ కనబడింది.

"ఇది నాకు ఇప్పించండి" అన్నాడు జక్రయ్య.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు చుట్టిస్తామంటే వద్దన్నాడు. కండక్టరు టిక్కెట్టు చించి ఇస్తూ, "ఏంది తాతా, వెన్న తీసే మిషనా?" అన్నాడు.

"డ్రిల్లు. నాదే" అన్నాడు జక్రయ్య. అడిగింది ఎవరిదని కాదు. అయినా చెప్పాడు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయి. ఘాటుకి బస్సంతా తుమ్మింది. అతను పైపంచె చివర తీసి, ముక్కుకి కాకుండా డ్రిల్లు మీద కప్పాడు.

ఇంటి ముందు భార్య ఆదెమ్మ పాత మంచం వాల్చి, తలుపు రెక్కని దాని మీద పడుకోబెట్టి ఉంచింది. పక్కింటి మరియదాసు స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. అతనిది సైకిలు షాపు.

"మంచం లోపలికీ బయటికీ తిరగాలి. తలుపు అడ్డం పడకూడదు, చెప్తన్నా" అంది ఆదెమ్మ.

"గోడకి ఆనేదాకా తెరుచుకుంటది. చాలా?"

జక్రయ్య మొదటి పనిగా డ్రిల్లుకి నూనె పోశాడు. చక్రానికి పోశాడు. పళ్ళకి పోశాడు. ఇరుసుకి పోశాడు. చెయ్యి ఆగలేదు, బిట్టు పట్టే దవడలకి కూడా పోశాడు. బిట్టు బిగించి, రెక్క అంచు మీద ఆనించి తిప్పాడు. చక్రం తిరిగింది. బిట్టు తిరగలేదు. మళ్ళీ బిగించాడు. బిట్టు దవడల్లో సబ్బుముక్కలా జారింది.

మరియదాసు మంచం పట్టె మీద చరిచి నవ్వాడు. "ఎంత పని చేశావన్నా! పట్టుకోవాల్సిన దానికి కూడా నూనె పోస్తివి. అలవాటు ఎక్కడికి పోద్ది?"

జక్రయ్య ముఖం కందింది. దవడల్ని గుడ్డతో తుడిచాడు. సందుల్లోకి దిగిన నూనె రాలేదు. పొద్దు వాలుతోంది. పాస్టరు గారు దీపాల వేళకి వస్తారు.

ఆదెమ్మ లోపలికి వెళ్ళి పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చింది.

"ఇట్టా తే. గిన్నెల జిడ్డు వదిలించే చెయ్యి నాది."

దవడల్లో బూడిద కూరి, వేలితో నలిపి, గుడ్డతో దులిపింది. మళ్ళీ చిటికెడు రాసింది. జక్రయ్య బిట్టు పెట్టి బిగించాడు. తిప్పాడు. వేపపొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. పాత గుడిసె దగ్గర చెట్టు వాసన వచ్చింది.

ఆదెమ్మ మరియదాసు వైపు చూసింది. "ఇప్పుడు నవ్వు."

రెక్కకి బెజ్జాలయ్యాయి. గుమ్మానికి వేసేటప్పుడు రెండుసార్లు కూర్చున్నాడు. మరియదాసు "నాకియ్యి, నేను తిప్పుతా" అంటే ఇవ్వలేదు. "స్క్రూలు నువ్వు తిప్పు. బెజ్జాలు నావి" అన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కిందివి మోకాళ్ళ మీద కూర్చుని వేశాడు. ముగ్గురూ పట్టుకుని రెక్క నిలబెట్టారు. మరియదాసు ఆఖరి స్క్రూ బిగించి లేచాడు. జక్రయ్య ఒక్క వేలితో తలుపు తోశాడు. చప్పుడు లేకుండా వెళ్ళి గోడకి ఆనింది. మళ్ళీ తెచ్చి మూశాడు.

పాస్టరు గారు వచ్చేసరికి కాలనీ వాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. మూసిన తలుపు ముందు ప్రార్థన జరిగింది. ఆమెన్ అన్నాక, "తియ్యి జక్రయ్యా" అన్నారు ఆయన. జక్రయ్య ఉతికిన చొక్కాలో ఉన్నాడు. చేతులకి ఇంకా బూడిద ఉంది. తలుపు తీసి, పక్కకి జరిగి, "రండయ్యా, లోపలికి రండి" అన్నాడు. అందరూ విన్నారు. ఆ గొంతు అంత పైకి లేవగలదని ఆదెమ్మకి కూడా తెలియదు.

వచ్చినవాళ్ళు టీలు తాగి, తలా ఒకసారి తలుపు వేసి తీసి చూశారు. "బుల్లయ్యేనా పెట్టింది?" అని ఒక ముసలామె అడిగింది. "ఇంటాయనే" అంది ఆదెమ్మ. అడగని వాళ్ళకి కూడా చెప్పింది.

అందరూ వెళ్ళాక జక్రయ్య గడియ వేశాడు. తలుపు వెనక మేకు కొట్టి డ్రిల్లు తగిలించాడు. దాని కిందే చాప పరుచుకుని, వేపచెక్కకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"గాలి కూడా రావడంలేదే, చూడు" అన్నాడు.

పొద్దున మిల్లు వేళకి ఆదెమ్మ లేపబోయింది. అలాగే కూర్చుని ఉన్నాడు. ఛాతీలో ఈల లేదు.

మధ్యాహ్నానికి పెట్టె వచ్చింది. అది వెడల్పుగా ఉందనీ, మోసేవాళ్ళకి తలుపు అడ్డమవుతుందనీ మరియదాసు స్క్రూడ్రైవరు తెచ్చి పై బందు మీద పెట్టాడు. ఆదెమ్మ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. ఊడదియ్యొద్దు, బార్లా తెరువు. గోడకి ఆనుద్ది."

తలుపు గోడకి ఆనింది. పెట్టె ఎక్కడా తగలకుండా బయటికి వెళ్ళింది.

ఆ ఏడు ఎండలు ముదిరేలోపు కాలనీలో గోనెపట్టాలు ఒకటొకటే పోయాయి. ఎవరి తలుపు వాళ్ళు పెట్టుకున్నారు. డ్రిల్లు అడగడానికి వచ్చినవాళ్ళని ఆదెమ్మ ఎవరినీ కాదనలేదు. పని అయ్యాక తెచ్చి మేకుకి తగిలించేవాళ్ళు. చక్రానికి నూనె, మూతికి బూడిద రాయాలని అందరూ నేర్చుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. కాలనీలోకి తీగలొచ్చాక కూడా తలుపు వెనక అది అలాగే వేలాడింది, పళ్ళ మీద నూనె మెరుస్తూ, దవడల మధ్య చిటికెడు బూడిదతో.