కార్డులో చిన్నదైన అక్క

ఆపిల్ షెడ్డులో పళ్ళు ఏరుతూ ఎదూవీహెస్ ఇరవయ్యారేళ్ళు నెట్టుకొచ్చింది. అమెరికాలో ఉండటానికి కాగితం ముక్క లేదు. ఆ లోటు ఏనాడూ బాధ పెట్టలేదు గాని, ఇప్పుడు పెట్టింది. విధురుడు ఫిదెన్సియో పెళ్ళి చేసుకుందామన్నాడు. పెళ్ళి లైసెన్సు కావాలంటే కౌంటీ ఆఫీసులో ఫోటో కార్డు చూపించాలి.

మెక్సికో కాన్సులేటు వాళ్ళు ఆరునెలలకోసారి చర్చి హాల్లో బల్లలు వేసి తమ దేశస్తులకు ఫోటో కార్డులిస్తారు. ఈసారి తప్పితే పెళ్ళి ఆగినట్టే. అందుకే ఆమె చెల్లెలు నికాసియాను వెంటబెట్టుకుని తెల్లారకుండానే వచ్చి వరుసలో నిలబడింది. జుట్టుకు రంగు కూడా వేయించుకుంది.

"పుట్టినరోజు చెప్పండమ్మా," అన్నాడు బల్ల వెనక కుర్రాఫీసరు.

"అక్టోబరు పదహారు. అరవై ఒకటి నిండాయి బాబూ."

అతను జనన పత్రం తిప్పి చూశాడు. "ఇందులో డిసెంబరని ఉంది. యాభైతొమ్మిదే. మీ పుట్టినరోజు మీకే తెలియదా? ఇలాగైతే కార్డు ఇవ్వలేను."

ఎదూవీహెస్ చెల్లెలి వైపు చూసింది. వాళ్ళింట్లో ఏటా చేసుకునేది తమకు పేరు పెట్టిన పునీతురాలి పండుగే. పుట్టిన తేదీ ఎవరడిగారు, ఎవరు చెప్పారు!

"బాబూ, నన్ను చెప్పనివ్వు," అంటూ నికాసియా ముందుకొచ్చి తన కార్డు బల్లమీద పెట్టింది. "కాఫీ కోతలయ్యాక మా నాన్న ఇద్దర్నీ ఒకేరోజు రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రిజిస్ట్రారు మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, పొడుగ్గా ఉన్నదే పెద్దదనుకుని రాసేశాడు. పొడుగు నేను. నాన్నకు చదువు రాదు, వేలిముద్ర వేశాడు."

ఆఫీసరు జనన పత్రాన్నీ ఆ కార్డునూ కలిపి చూశాడు. ఒకరి తేదీ ఒకరి దగ్గరుంది. నవ్వాపుకోలేకపోయాడు.

"నీకు ముందే తెలుసుటే?" అంది ఎదూవీహెస్ పళ్ళు నూరుతూ.

"నా కార్డు వచ్చినప్పుడే తెలిసింది. చెబితే వీపు చిట్లగొడతావని ఊరుకున్నా."

"కాగితంలో ఉన్నదే నడుస్తుందమ్మా," అన్నాడతను. "డిసెంబరే నా పుట్టినరోజు, ఈమె నా అక్క అని రాసి సంతకం పెట్టండి. ఈ కార్డుతో ఈ దేశంలో ఉండే హక్కు మాత్రం రాదు."

"ఉండటానికి నేనెవర్నడిగాను నాయనా! నాక్కావలసింది పెళ్ళి."

వరుసంతా ఘొల్లుమంది.

తల్లి పోయినప్పటినుంచి నికాసియాకు జడలు వేసింది, రొట్టెలు చేసి పెట్టింది, తన్నింది, పెంచింది ఆమే. అంతటిదీ పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఫిదెన్సియో గుర్తొచ్చాడు. సంతకం పెట్టేసింది.

"ఇక నన్ను అక్కా అని పిలువు, చెల్లీ," అంది నికాసియా. ఇంటికి చేరేదాకా ఆ పాటే పాడింది.

పెళ్ళినాడు చర్చికి బయల్దేరే ముందు పెళ్ళికూతురు మోకరిల్లితే ఇంటి పెద్ద నుదుటిమీద సిలువ గుర్తు వేసి దీవించాలి. తల్లిదండ్రులు లేరు. ఎదూవీహెస్ తెల్ల గౌను కాస్త ఎత్తి పట్టుకుని చెల్లెలి ముందు మోకరిల్లింది.

"కార్డు ప్రకారం పెద్దదానివి. కానియ్యి."

నికాసియా చెయ్యెత్తింది. వారం నుంచి తయారుచేసుకున్న వేళాకోళం ఆడనే లేదు. ఏడుస్తూ తనూ ఎదురుగా మోకరిల్లింది.

"నావల్ల కాదే అక్కా. ముందు నువ్వు నన్ను దీవించు."

బయట ఫిదెన్సియో కారు హారను మోగుతూనే ఉంది. ఎదూవీహెస్ పట్టించుకోలేదు. చెల్లెలి జుట్టు సవరించి, కళ్ళు తుడిచి, నుదుటిమీద సిలువ గుర్తు వేసింది.