ఎల్లప్ప చెప్పమన్న మాట

కోత మొదలైతే మగవాళ్ళకు లేని నొప్పులు పుడతాయని చిత్తూరు పక్క మామిడితోటల్లో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. అలివేలమ్మ కూడా అదే అన్నది. మొగుడు ఎల్లప్ప రొమ్ము పట్టుకుని చెట్టు మొదట్లో కూలబడితే, "కాయ కొయ్యాలంటే నొప్పి, కూటికి పిలిస్తే మాత్రం ఉండదు నీకు" అని కూలీల ముందరే దులిపేసింది. అందరూ నవ్వారు. ఎల్లప్ప లేచి ఇంకో చెట్టెక్కాడు.

సాయంత్రానికల్లా ఆయన్ను తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. కోసిన కాయ మండీకి చేరకపోతే కుళ్ళిపోతుందని అలివేలమ్మ తోటలోనే ఆగిపోయింది. ఆయన మళ్ళీ తేరుకుని తిట్టించుకుంటాడనే అనుకుంది పాపం.

కూతురు కోమలిది శ్రీ సిటీలో ఉద్యోగం. వారమంతా నైట్ షిఫ్టులు చేసి ఉన్న పిల్ల, కబురు తెలియగానే ఫ్యాక్టరీ బట్టల్లోనే ఆసుపత్రికి వచ్చింది. రెప్ప వాల్చకుండా తండ్రి మంచం పక్కన స్టూలు మీదే ఉండిపోయింది. ఒక పొద్దున ఎల్లప్ప ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత మాట్లాడగా ఆమె చూడలేదు. కళ్ళు మండుతుంటే, చెవుల్లో హోరు పెడుతుంటే, అన్నిటికీ ఊ కొట్టింది. చివరికి ఆయన, "ఇది మీ యమ్మకు సెప్పు, మర్సిపోబాక" అన్నాడు. ఆమె పోసిన నీళ్ళు రెండు గుక్కలు మింగాడు. మధ్యాహ్నానికి పోయాడు.

శవం ఇంట్లో ఉండగా రక్తసంబంధీకులు కునుకు తీస్తే పోయిన జీవం దారి తప్పుతుందని వాళ్ళ నమ్మకం. కోమలి తల వాల్చినప్పుడల్లా మేనత్త మొహాన నీళ్ళు చల్లి, నాయన కోసం ఒక్క రాత్రి మేలుకోలేవా అని తొడపాశం పెట్టింది. తెల్లారి మట్టి చేసి వచ్చాకగానీ ఆ పిల్లకు పండుకునే యోగం రాలేదు.

లేచి చూసుకుంటే మాట లేదు. నాయన పెదవులు కదలడం గుర్తుంది, అరచేతి వేడి గుర్తుంది, గడ్డంలో తెల్లవెంట్రుకలూ గుర్తున్నాయి. చెప్పింది మాత్రం మొదలంటా మాయం.

అలివేలమ్మ ముద్ద ముట్టడం మానేసింది. తోటలో తాను దులిపేసిన మాట చెప్పుకుని ఏడుస్తూ, నన్ను గురించి ఏమన్నా అన్నాడా అని కూతుర్ని రోజూ అడిగేది. దినాల నాడు చెప్తాలేమ్మా అని కోమలి దాటేసేది. పోయినవాళ్ళకు కడసారి నీళ్ళు పోసినవాళ్ళు ఆనాడు బంతిలో ఆకులు వేసేముందు వాళ్ళ చివరి మాట అందరికీ వినిపించడం ఆ ఇంటి ఆచారం.

పెదనాయన కొడుకు గుణశేఖర్ తిరుపతిలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాడు. కోమలి అతని దగ్గర గుట్టు విప్పింది. అతను కొంచెంసేపు తల గోక్కుని, పగలు విన్నదంతా మండీలో దించిన కాయలాంటిదన్నాడు. నిద్రలో మెదడు దాన్ని తిరగేసి, ఏరి, లోపల భద్రం చేస్తుందట. అసలే నిద్రలేని తలకాయ సరిగా దించుకోదు. దించుకున్న కాస్తా ఆ రాత్రి నిద్ర లేక జారిపోయి ఉంటుంది.

"మళ్ళీ వెతికితే దొరకదా అన్నా?"

"లోపల పెట్టుంటే కదమ్మా దొరికేది."

దినాల నాడు బంధువులంతా చూస్తుండగా కోమలి లేచి నిలబడింది. అలివేలమ్మ గుంజకు ఆనుకుని, కోర్టులో తీర్పు వినేదాని మాదిరి కూర్చోనుంది. ఆ మొహం చూశాక నిజం గొంతు దాటలేదు.

"కోతకాలంలో అన్న మాట మనసులో పెట్టుకోలేదని మీ యమ్మకు సెప్పు, వేళకు తినమను, అన్నాడు నాయన."

అలివేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ఆకు ముందర కూర్చుని, కలిపిన అన్నమంతా తినింది. కోమలికి ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

తెల్లారి కళ్ళు తెరవకముందే నాయన కనిపించాడు. అవే పెదవులు, అదే చేతివేడి. కానీ పెదవులు ఇప్పుడు మూగగా లేవు. కోమలి నిన్న అల్లిన మాటల్నే, ఆయన గొంతుతో, ఒక్కొక్కటిగా పలుకుతున్నాయి. గబుక్కున లేచి కూర్చుంది. ఆ మాటల్ని చెరిపి, పాత మౌనాన్నయినా తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. నిన్నటిదాకా ఆయన మాట ఉండాల్సిన చోటు ఖాళీగానన్నా ఉండేది.

అలివేలమ్మ కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది.

"నాయన అన్నది ఇంకోతూరి సెప్పు మే."

కోమలి చెప్పింది. మధ్యలో, "కోతకాలం అంటా చిన్నగా నగినాడు మా" అని కూడా అన్నది. ఆ నవ్వు నిన్న తను అల్లిన దాంట్లో లేదు. యాడిదో ఆమెకే తెలియదు.

"నగినాడా," అన్నది అలివేలమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని.