సముద్రం లేని ఊళ్లో అలపలక

నేను ఒక సర్పంచ్‌ని. సికింద్రాబాద్‌లో ఒక షాపింగ్ మాల్ వెనక గేటు దగ్గర దాదాపు రెండు గంటలపాటు నా హోదా అదే. నన్ను దించిన టెంపో డ్రైవరు ఇంజను ఆపకుండా "సర్ఫింగ్ బోర్డు" అని అరిచాడు. ఆ దడదడలో సెక్యూరిటీ ఎల్లయ్యకు వినపడింది "సర్పంచ్ బోర్డు".

"ఏ ఊరి సర్పంచే? ఎలక్షన్లు గిట్ల అయినయా?" అంటూ ఎల్లయ్య నన్ను గోడకు నిలబెట్టాడు. ముందు చూశాడు, వెనక చూశాడు. "గింత పెద్ద బోర్డు చేపిచ్చిండు, పేరు రాపిచ్చేటందుకు పెయింటర్ దొరకలేదా ఆయనకు?"

అంతలో లోవరాజు బయటికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల మనిషి, విశాఖ దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, ఇక్కడ జనానికి అలల మీద నిలబడటం నేర్పడానికి వచ్చినవాడు.

"సర్పంచి బోర్డు కాదు తాతా, సర్ఫింగు బోర్డు. దీని మీద నిలబడి నీళ్ల మీద జారతారు."

ఎల్లయ్య నన్ను మళ్లీ ఎగాదిగా చూశాడు. "సర్పంచైనా గంతే గద. ముందుగాల నిలబడుడు, ఆనక జారుడు."

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి సిబ్బందికి నేను సర్పంచ్‌నే. ఓట్లు లేకుండా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

నిజానికి నేనొక పలకను. బడిలో పలక మీద అక్షరాలు దిద్దిస్తారు, నా మీద అడుగులు దిద్దిస్తారు. తేడా అంతే. మద్రాసు దాటాక సముద్రం ఒడ్డున ఒక రేకుల షెడ్డులో పుట్టాను. లోపలంతా గట్టిపడిన నురగ, పైన నున్నటి తొడుగు. లోపల నురగ, పైకి నునుపు ఉన్న మనుషుల్ని ఆ తర్వాత ఎంతోమందిని చూశాను కానీ, వాళ్లెవరూ నాలాగా తేలరు.

పుట్టినప్పటి నుంచీ చెవిలో సముద్రమే. ఇవాళో రేపో నన్ను నీళ్లలోకి దించుతారని ఉబలాటపడ్డాను. దించలేదు. టెంపోలోకి ఎక్కించారు. సముద్రపు హోరు వెనకబడింది, ఉప్పుగాలి పోయింది, రాళ్ల గుట్టలు వచ్చాయి. హైదరాబాదులో పేర్లకైతే సాగరాలకు కొదవ లేదు. హుస్సేన్ సాగర్ ఉంది, హిమాయత్ సాగర్ ఉంది, ఉస్మాన్ సాగర్ ఉంది. సముద్రం మాత్రం లేదు. అల లేని ఊళ్లో అలపలకకు పనేమిటి? అలకబూనాను.

నా అలక ఆ సాయంత్రమే తీరింది.

మాల్‌లో కింది అంతస్తులో, రోడ్డు వైపు గాజు గోడ ఉన్న పెద్ద హాలు. మధ్యలో నీలం రంగు వాలు, పిల్లలు జారే జారుడుబల్లను రాక్షసులకు సరిపడేలా కట్టినట్టు ఉంది. లోవరాజు గోడ మీద ఒక మీట నొక్కాడు. నేల కింద ఏదో గొంతు సవరించుకుంది. ఆ తర్వాత వాలు అడుగున ఉన్న సందుల్లోంచి నీళ్లు దూకాయి. నాలుగు వేళ్ల మందం, హాలంత వెడల్పు. ఆ నీటి దుప్పటి ఏటవాలుగా పైకి ఎగబాకింది. నీళ్లు పల్లానికి పోతాయని నాకు షెడ్డులో ఎవరు చెప్పారో గుర్తులేదు, వాళ్లు ఈ వింత చూడలేదు. ఇక్కడ నీళ్లు మిట్టకు పోతున్నాయి!

అన్నిటికన్నా నన్ను నిలువునా కదిలించింది మరొకటి. సముద్రపు అల వస్తుంది, విరుగుతుంది, పోతుంది. ఈ అల రాదు, పోదు, విరగదు. నీరు పరుగెడుతూనే ఉంటుంది, అల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మనుషులు సముద్రాన్ని తేలేక, దాని భుజం ఒక్కటి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. నన్ను దాని మీద మొదటిసారి పడుకోబెట్టినప్పుడు నా అంగుళం అంగుళమూ పులకించింది. ఇది నిలవనీరు కాదు, ఎవరినీ నిలవనీయని నీరు!

రెండేళ్లలో నా మీద ఎక్కినవాళ్లకు లెక్కలేదు. మనుషుల్ని మీరు ముఖాలతో గుర్తుపడతారు, నాకు అరికాళ్లే ముఖాలు. సాఫ్ట్‌వేరు అరికాళ్లు మెత్తగా, తెల్లగా, నేలంటే ఏమిటో తెలియనట్టు ఉంటాయి. పోలీసు అరికాళ్లు నా మీద కూడా అధికారం చూపిస్తాయి. కొత్త పెళ్లికొడుకుల కాళ్లు, ఒడ్డున భార్య ఫోను పట్టుకుని ఉంటే చాలు, తమ అర్హతకు మించి ధైర్యం చేస్తాయి. ఎవరైనా చివరికి చేసేది ఒకటే. పడతారు. నీళ్లు వాళ్లను ఎత్తి పైనున్న మెత్తటి పరుపు మీద పడేస్తాయి. ఎంత పెద్దవాళ్లనైనా అంత ముద్దుగా విసిరే చేయి ఇంకెక్కడా లేదు.

ఇక ఆషాఢ మాసంలో ఒక బుధవారం సంగతి చెప్పాలి.

మాల్‌లోని కిరాణా దుకాణం వాళ్లు లక్కీ డ్రాలో ఇద్దరికి అరగంట సర్ఫింగ్ కూపను పెట్టారు. అది స్వరూప అనే ఆవిడకు తగిలింది. ఆవిడ తన వదిన అండాలును చేయి పట్టి లాక్కొచ్చింది. అండాలుకు నలభై నాలుగేళ్లు. బస్తీలో బ్లౌజులు కుడుతుంది. ఇద్దరూ అద్దెకిచ్చే పొడుగు చేతుల చొక్కాలు, పొడుగు నిక్కర్లు వేసుకుని బయటికి వచ్చి, ఒకరినొకరు చూసుకుని గోడకు చేరగిలి నవ్వారు.

"వదినా, మా అన్న సూస్తే గుర్తువడ్తడా నిన్ను?"

"మీ అన్న నన్ను చీరల సూసినా గుర్తువడ్తలేడు గని, నడువ్."

ముందు స్వరూప ఎక్కింది. "అమ్మో" అన్న మాటలో "అ" నా మీదా, "మ్మో" పైనున్న పరుపు మీదా వినపడింది. లేచి జుట్టు పిండుకుంటూ, పడ్డందుకు మెడల్ ఇచ్చినట్టు మురిసిపోయింది.

తర్వాత అండాలు. ఆవిడ పాదాలు ఆనగానే నాకు తేడా తెలిసింది. మిగతావాళ్ల కాళ్లు అలకు వణుకుతాయి. ఈ కాళ్లు అల తాకకముందే వణుకుతున్నాయి. పడింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. అయిదుసార్లు. పడినప్పుడు ఒక్కసారి కూడా స్వరూపలా నవ్వలేదు. పెదవి బిగించి, చెప్పుడు మాట విన్న మనిషిలా తన కాళ్లకేసి అనుమానంగా చూసుకుంది.

"కాళ్లకేసి సూడకండమ్మా," అన్నాడు లోవరాజు.

"సూడకుంటే ఎట్లనయ్యా? అవ్వే గద మోసం జేసేది!"

"ఏటైందమ్మా?"

అండాలుకు బదులు స్వరూప చెప్పింది. వాళ్లింట్లో ఏటా ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తేది పెద్దకోడలే. పద్దెనిమిదేళ్లుగా అండాలే ఎత్తుతోంది. కొత్త కుండలో వండిన అన్నం, కుండకు పసుపు కుంకుమ, వేపాకు, పైన వెలిగే దీపం. అది తల మీద పెట్టుకుని చేయి పట్టకుండా గుడిదాకా నడవాలి. నిరుడు గుడి మెట్ల మీద ఆవిడకు కళ్లు తిరిగాయి. బోనం కింద పడింది.

"నైవేద్దెమంత నేలపాలు," అంది స్వరూప, గొంతు తగ్గించి. "డాక్టరేమో చెవుల ఇసుక రవ్వంతది పక్కకు జరిగిందన్నడు. తల అటొక్కసారి ఇటొక్కసారి తిప్పిండు, తగ్గింది. తగ్గి ఆరు నెలలాయె. గని ఈమె కాళ్లకు ఇంక నమ్మకం రాలే. మెట్లు దిగాల్నంటె గోడ వట్టుకుంటది. మా అమ్మ పొద్దున్నే అడిగింది, రేపటికల్ల చెప్పు, ఆదివారం నువ్వెత్తుతవా, స్వరూప ఎత్తాల్నా అని. మా ఇంట్ల ఒకసారి చెయ్యి మారితే మల్ల రాదన్నా. నాకొద్దు ఆ బోనం. అది మా వదినది."

"నాకు మాత్రం ఇష్టమా ఇడిసిపెట్టుడు?" అంది అండాలు. "మల్లొకసారి పడితే? అమ్మవారి ముంగట మల్లొకసారి?"

పంపులు హోరెత్తుతూనే ఉన్నాయి. లోవరాజు నీళ్ల అంచున గొంతుకు కూర్చున్నాడు.

"మా ఊర్లో తెప్ప మీద నిలబడతామమ్మా. కాళ్లకేసి సూసినోడు ములిగిపోతాడు. దూరంగా ఒకటే సూడాల. మీరు బోనం ఎత్తినప్పుడు ఏటి సూత్తారు?"

"గుడి శిఖరం. తల తిప్పద్దు. మోకాలు జరంత వంచాలె. నడుము కదలొద్దు..." అని గడగడా చెప్పుకుపోతూ అండాలు ఠక్కున ఆగింది. తను చెప్పింది తనకే వినపడినట్టుంది.

"అదేనమ్మా నాను ఇందాకట్నుంచి సెప్తన్నది!"

ఆవిడ నా మీదికి మళ్లీ రాబోయి ఆగిపోయింది. "ఉట్టి తలతోని నాకు చేతగాదు. గాల్లో ఉన్నట్టుంది. తల మీద కుదురన్న పెట్టుకుంట."

కుండ కదలకుండా తల మీద బట్టను చుట్టగా చుట్టి పెట్టుకుంటారే, ఆ కుదురు. వదులుగా ఉన్న బట్ట నీళ్లలోకి రాకూడదని రూలు. తలకు హెల్మెట్ తప్పదని ఇంకో రూలు. లోవరాజు రెండు రూళ్ల మధ్యన దారి చూశాడు. స్వరూప బెంచీ మీద వదిలేసిన చున్నీని అండాలు తెచ్చి, కళ్లు మూసుకుని కూడా చేయగలిగినట్టు మూడు మెలికలు తిప్పి గుండ్రంగా చుట్టింది. నడినెత్తిన పెట్టుకుంది. దాని మీద హెల్మెట్ పెట్టి లోవరాజు పట్టీ వదులు చేసి, గడ్డం కింద గట్టిగా బిగించాడు. హెల్మెట్ జానెడు పైకి లేచి నిలబడింది.

"వదినా, కిరీటం వెట్టిన పుట్టగొడుగు లెక్కున్నవ్!" అంది స్వరూప.

అండాలుకు ఆ మాట చేరలేదు. ఎదురుగా, నీళ్లు దూకే సందుల వెనకున్న గోడ మీద, బయటికి దారి చూపే ఆకుపచ్చ దీపం ఉంది. ఆవిడ చూపు అక్కడ దిగబడింది.

పాదాలు నా మీద ఆనాయి. వణుకుతున్నాయి. లోవరాజు రెండు చేతులూ పట్టుకుని నీళ్లలోకి నెట్టాడు. అల నన్ను కింది నుంచి తన్నింది. నేను అటు తిరగబోయాను, ఇటు జారబోయాను. నా నైజం జారడం, నేనేం చేయను? ఆ క్షణాన ఆవిడ మోకాళ్లు వంగాయి. నడుము కదల్లేదు. బరువంతా నిలువుగా, మెడ మీదుగా, వెన్ను మీదుగా, మడమల్లోంచి నాలోకి దిగింది. రెండేళ్లుగా నా మీద ఎక్కినవాళ్లంతా నన్ను తొక్కారు. ఈవిడ నా మీద నిలిచింది.

లోవరాజు ఒక చేయి వదిలాడు. తర్వాత రెండోది.

వణుకు ఆగిపోయింది. ఆగడమంటే తగ్గడం కాదు. ఫ్యాను స్విచ్చి ఆపాక రెక్కలు తిరిగి తిరిగి ఆగుతాయే, అలా కూడా కాదు. ఉన్నపళంగా లేదు. నా కింద అంత నీరు పిచ్చిగా పరుగెడుతోంది, నా పైన ఒక మనిషి గుడి ముందు నిలబడ్డట్టు ఉంది. మధ్యలో నేను. ఇటు ఆ వేగమూ నాదే, అటు ఆ నిశ్చలమూ నాదే. ఒక పలక బతుక్కి ఇంతకన్నా ఏం కావాలి? ఆవిడ చేతులు వాటంతటవే పైకి లేచాయి. తల మీద లేని కుండకు అటూ ఇటూ, తాకీ తాకనట్టు ఆగాయి.

వంతు అయిపోయిందని గంట మోగింది. లైనులో ఉన్నవాళ్లు ఎవరూ తమ వంతు అడగలేదు. ఫోన్లు పట్టుకున్నవాళ్లు నొక్కడం మరిచారు. ఇంతసేపూ నోరు మూయని స్వరూప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. లోవరాజు నడుముకు చేతులు పెట్టుకుని, సముద్రం మీద ఏదో కనిపించినవాడిలా చూస్తున్నాడు. మీట దగ్గరికి పోలేదు.

చివరికి ఆవిడే దిగింది. పడలేదు, దిగింది. నన్ను అంచుకు తోలి, గడప దాటినట్టు పక్కకు అడుగు వేసింది. హెల్మెట్ తీసి, చుట్ట చెదరని చున్నీని రెండు చేతులతో కిందికి దించింది.

"స్వరూపా, అత్తమ్మకు ఫోన్ గొట్టు," అంది. "కుండ నేనే పోయి ఏరుకొచ్చుకుంట అని చెప్పు. ఎవ్వరు తేవద్దను."

మర్నాడు నూట పదిహేను కిలోల మర్యాదస్తుడు ఒకాయన "ఆ ఆంటీ నిలబడిందంట, నేను నిలబడలేనా?" అంటూ నా మీదికి దూకాడు. ఆయనకు ఏమీ కాలేదు. నేను నడిమికి పగిలాను. పగిలిన పలకను నీళ్లలోకి దించరు. మోకులు కట్టి గాజు గోడకు ఎదురుగా, టీ కౌంటరు పక్కన నన్ను గోడకు వేలాడదీశారు. అలసట తీరింది, అల మాత్రం దూరమైంది. నా ముందు ఇక రోడ్డే.

ఆదివారం ఆ రోడ్డు మీదికి బోనాలు వచ్చాయి.

వాన కురిసి వెలిసింది, రోడ్డంతా తళతళలాడుతోంది. ముందు డప్పులు వచ్చాయి. గాజు గోడ అదిరింది, దాంతోపాటు నేనూ అదిరాను. కొరడా ఝళిపిస్తూ, అమ్మవారి తమ్ముడి వేషంలో పోతరాజు ఎగురుకుంటూ వచ్చాడు. వెనక వరసగా కుండలు, కుండల మీద దీపాలు, పసుపు రాసిన పాదాలు. అంతమంది ఆడవాళ్లు అన్ని మంటల్ని తల మీద మోస్తూ చేయి ఆనకుండా నడిచి వస్తున్నారు. రోజూ అల మీద జనం పడటం చూసిన నాకు, ఒక్కరూ పడకుండా కదిలే ఈ అలను చూస్తే మాట పడిపోయింది.

స్వరూప వరస పక్కనుంచి పరుగున వచ్చి గాజు మీద దబదబ బాదింది. "అన్నా! మా వదిన! మా వదినొస్తుంది సూడు!"

లోవరాజు తడి బట్టలతోనే పరుగెత్తి గాజుకు ముక్కు ఆనించాడు. ఎల్లయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఎర్రంచు పసుపు చీరలో అండాలు వచ్చింది. సరిగ్గా మా ఎదురుగా పోతరాజు వెనక్కి గెంతాడు. జనం ఒక్క పెట్టున అలలా ఇటు విరుచుకుపడ్డారు. ఎవరి భుజమో ఆవిడకు తగిలింది. తడి రోడ్డు మీద కుడి పాదం జానెడు జారింది. లోవరాజు పిడికిలి బిగించాడు.

మోకాళ్లు వంగాయి. నడుము కదల్లేదు. ఆ జారుడు ఒక అడుగైంది, దాని వెనక ఇంకో అడుగు పడింది. కుండ మీద దీపం ఒక్కసారి పక్కకు వాలి, మళ్లీ నిటారుగా లేచింది.

"వదినా, ఇటు సూడు! ఇటు!" స్వరూప చేతులు ఊపుతూనే ఉంది.

అండాలు మా వైపు చూడలేదు.