నా తరఫున నొక్కిన బటన్

“కాస్త నీ ఫోన్ ఇస్తావా?” అని మా ఇంట్లో ఎవరూ అడగరు. తీసుకుంటారు. కూరగాయల చాకులాగా, గుమ్మం దగ్గర గొడుగులాగా అదీ ఇంటి సామానే. అత్తయ్య అందులో వాళ్ళ చెల్లెలితో వీడియోలో మాట్లాడతారు. పాప లెక్కలు చేసుకుంటుంది, లెక్కలు కాగానే ఆటలాడుకుంటుంది. మా ఆయన తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే నాది పట్టుకుని స్కోరు చూస్తారు. ఆయన ఫోన్ మాత్రం బల్ల మీద బోర్లా పడుకుని ఉంటుంది, దాని జోలికెవరూ పోరు. నా ఫోన్ లాక్ నంబరు ఆయన పుట్టిన తేదీ. కొన్న రోజు ఆయనే పెట్టారు. “ఇదైతే నువ్వు మర్చిపోవు” అన్నారు. నవ్వాను. అప్పుడు నిజంగానే నవ్వొచ్చింది.

నేను పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. చేపలు, మాంసం, ఐస్‌క్రీమ్ గడ్డకట్టించి దాచే చోటు. గదిగదికీ తిరిగి సరుకు ఎంత చల్లగా ఉందో చూడటం నా ఉద్యోగం. ఆ చలిని పుట్టించేది అమోనియా గ్యాస్. గొట్టాల్లో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, బయటపడిందంటే కళ్ళూ గొంతూ కాల్చేస్తుంది. అందుకే మాకొక ఎమర్జెన్సీ టీమ్ ఉంది. గ్యాస్ లీకైతే గాలి సిలిండర్ వీపుకి తగిలించుకుని, ముఖానికి మాస్కు బిగించుకుని, ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్ళి వాల్వు కట్టేయాలి. ఆ టీమ్‌లోకి నన్నెవరూ ముచ్చటపడి తీసుకోలేదు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన “గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, సందుల్లోంచి గ్యాస్ వస్తుంది. గీసుకోవాల్సిందే” అన్నాడు. అంతే. అప్పటిదాకా ఛాతీ విరుచుకుని ముందు వరసలో నిలబడ్డ మగవాళ్ళు మెల్లగా వెనక్కి జరిగారు. “ప్రాణమైనా ఇస్తాగానీ గడ్డం ఇవ్వను” అన్నాడు మా ఎలక్ట్రీషియన్. మర్నాడు మనసు మార్చుకుని గీసుకొచ్చాడు గానీ ఇంకో ఖాళీ అలాగే మిగిలింది. మా ఇల్లు కోల్డ్ స్టోరేజీ వెనక వీధిలోనే. స్కూటర్ తీస్తే, వడ్డించిన అన్నం చల్లారేలోపు చేరిపోతాను. నేను చెయ్యెత్తాను.

అప్పట్లో మాకు పేజర్లు ఉండేవి. నడుముకి తగిలించుకునే నల్లటి డబ్బీ. కీచుమని అరుస్తుందని మా ఆయన దానికి మిడత అని పేరు పెట్టారు. “నీ మిడత అరుస్తోంది, ఎగిరిపో” అని ఆటపట్టించేవారు. దానిలో సీరియల్ రాదు, ఆటలుండవు, ఎవరితోనూ మాట్లాడలేం. కాబట్టి ఇంట్లో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. అలా అది పూర్తిగా నాదిగా ఉండిపోయింది. నాదని నాకు తెలిసింది కూడా అది పోయాకే. పేజర్లు పాతబడ్డాయి, బాగుచేసేవాళ్ళు లేరు, ఇకమీదట పిలుపు ఎవరి ఫోన్‌కి వాళ్ళకే వస్తుందన్నారు. నిజం చెప్పొద్దూ, కొత్త పద్ధతే మంచిది. పేజర్ అరిస్తే ఎవరొస్తున్నారో ఎవరు రావట్లేదో తెలిసేది కాదు. ఒకసారి అందరూ పరిగెత్తేవాళ్ళం, ఒకసారి ఎవరో వెళ్ళే ఉంటారని అందరూ ఆగిపోయేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ సైరన్‌లా మోగుతుంది, లీకు ఎక్కడో చూపిస్తుంది, కింద రెండు బటన్లు: ‘వస్తున్నాను’, ‘రాలేను’. ‘రాలేను’ నొక్కితే మోత ఆగి, పిలుపు తర్వాతి మనిషికి పోతుంది. మొదటి వారంలో రెండుమూడుసార్లు టెస్టు కూడా చేశారు.

ఆ ఆదివారం పిలుపు అందుకోవాల్సిన మొదటి మనిషిని నేను. ఇంట్లో ముందే చెప్పాను. అయినా మా బావగారి కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. వంటింట్లో ఒక పొయ్యి మీద కూర, ఒక పొయ్యి మీద కుక్కర్, పక్కన మిక్సీ తిరుగుతూనే ఉంది. ఫోన్ హాల్లో అత్తయ్య చేతిలో ఉంది. మిక్సీ ఆపేసరికి సైరన్ వినిపించింది, వినిపించినట్టే ఆగిపోయింది. గరిటె పట్టుకునే గుమ్మంలోకొచ్చి “ఏంటండీ అది?” అన్నాను. “ఏదో టెస్టంట. అన్నయ్యకి ఆకలేస్తోంది, నువ్వు వడ్డించు” అన్నారు మా ఆయన. వడ్డించాను. అందరూ తిన్నాక మిగిలింది నేను తిన్నాను. గిన్నెలు కడిగాను. వంట బాగుందని బావగారు మా ఆయనతో అన్నారు.

సోమవారం పొద్దున గేటు దగ్గర ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. కంప్రెసర్ గదిలో లీకైంది. అక్కడి ఆపరేటర్‌ని మేమంతా దుప్పటి అంటాం, ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకుని తిరుగుతాడని. పిలుపు పంపింది అతనే. నా పేరు పక్కన వెంటనే ‘రాలేను’ అని వచ్చింది. తర్వాతివాడు ఎలక్ట్రీషియన్, అతని ఇల్లు ఊరి అవతల. గ్యాస్ ప్యాకింగ్ హాలు వైపు పాకుతోంది, అక్కడ ఆడవాళ్ళు పనిలో ఉన్నారు. వాళ్ళని దుప్పటే బయటికి తరిమి, ఇంక ఆగలేక, తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని ఒక్కడే వెళ్ళి వాల్వు కట్టేశాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

“మీరేం బాధపడకండమ్మా, ఆదివారం ఇల్లన్నాక సవాలక్ష ఉంటాయి” అన్నారు సేఫ్టీ ఆఫీసరు. ఆ జాలి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మర్నాడు మీటింగ్ అన్నారు. నన్ను మాస్కు టీమ్ నుంచి తీసి ఫస్ట్ ఎయిడ్‌లో వేద్దామనుకుంటున్నారట.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. దుప్పటి కళ్ళకి కట్లు కట్టి ఉన్నాయి. చూపు పోదని డాక్టర్లు చెప్పారట. నా గొంతు వినగానే లేచి కూర్చోబోయాడు.

“అక్కా, పాప బాగుందా?” అన్నాడు బొంగురు గొంతుతో. “నువ్వు రాలేనన్నావంటే ఇంట్లో ఏదో పెద్దదే జరిగుంటుందని భయపడ్డాను.”

“పాప బాగుంది” అన్నాను. నీ కళ్ళు మండుతున్నప్పుడు నేను మా బావగారికి కూర వడ్డిస్తున్నానని ఎలా చెప్పను?

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. దాచలేదు. “నొక్కింది నేనే. ఇంటినిండా చుట్టాలు. నీకు చెప్తే గరిటె అక్కడే పారేసి పరిగెడతావు. ఆ కంపెనీలో నువ్వొక్కదానివే ఉన్నావా?” అన్నారు. దుప్పటి సంగతి చెప్పాను. ముఖం పాలిపోయింది. “పాపం” అన్నారు, తర్వాత “నయమవుతుందన్నారుగా” అన్నారు.

“నా తరఫున మీరెలా చెప్తారు?”

“మొగుణ్ణి. ఆమాత్రం చెప్పకూడదా?”

అత్తయ్య మధ్యలోకొచ్చారు. “పొరపాటున చెయ్యి తగిలిందని చెప్పెయ్యమ్మా. ఇంటి పరువు నలుగురిలో పెట్టుకుంటామా?”

అడిగినప్పుడు ఆయన అబద్ధమాడలేదు, తన హక్కు తాను వాడుకున్నట్టే చెప్పారు. నాకు కోపమొచ్చింది అందుకే. ఎన్నేళ్ళుగా ఆయన నా తరఫున చెప్తున్నారో అప్పుడు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. నా స్నేహితురాలు తన పెళ్ళికి పిలవడానికొస్తే “తనకి కుదరదులెండి” అన్నారు. సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామని మా మేనేజర్ ఇంటికి ఫోన్ చేస్తే “పాప చిన్నది, తను చెయ్యలేదు” అన్నారు, నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. హోటల్లో సర్వర్ నన్ను చూసి అడిగినా “తనకి టీ పడదు” అని ఆయనే చెప్తారు. నాకు టీ పడుతుంది. సర్దుకుపోవడం అలవాటైపోయి, పడదేమోనని నేనే నమ్మాను. ఫోన్‌లో కొత్తగా వచ్చిందల్లా ఏమిటంటే, ఆయన నోటితో చెప్పే మాట ఇప్పుడు వేలితో చెప్పారు. ఇన్నాళ్ళూ ఆ మాటల వల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే కాబట్టి ఊరుకున్నాను. ఊరుకోవడం నా మంచితనమనుకున్నాను. ఇప్పుడు ఇంకొకడి కళ్ళకి కట్లున్నాయి.

ఫోన్ తీసుకుని ఆయన పుట్టిన తేదీ చెరిపేశాను. నా బొటనవేలు పెట్టాను. “నా దగ్గర ఏం దాస్తున్నావ్?” అన్నారు మా ఆయన. “ఏమీ దాచట్లేదు. కావాలంటే అడగండి, తీసిస్తాను” అన్నాను. ఆ పూట ఎవరూ అడగలేదు.

మీటింగ్‌లో అందరూ ఉన్నారు. సేఫ్టీ ఆఫీసరు గొంతు సవరించుకుని, కొందరికి ఇంటి ఇబ్బందులు ఉంటాయని మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. అత్తయ్య నేర్పిన మాట నాలుక చివరే ఉంది, చెప్పేస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

“ఆ బటన్ నొక్కింది నేను కాదు సార్. మా ఆయన. టెస్టని నాతో చెప్పారు.”

ఎవరో కుర్చీ సర్దుకున్నారు. ఆఫీసరు తల దించుకుని “ఇంటి విషయాలు ఇక్కడెందుకమ్మా” అన్నారు.

“దుప్పటి కళ్ళు కాలాయి సార్. ఇంకా ఇంటి విషయమెలా అవుతుంది? ఫోన్‌ని తప్పుపట్టట్లేదు, పేజర్ కంటే ఇదే నయం. కానీ రాలేనని ఎవరు నొక్కినా అది నమ్మేస్తోంది. ఆ బటన్‌కి మా వేలిముద్ర అడిగేలా చేయించండి.”

ఎలక్ట్రీషియన్ నున్నటి గడ్డం తడుముకుంటూ “నిజమే సార్. మొన్న టెస్టప్పుడు మా పిల్ల ఆట మధ్యలో మోత వస్తే ఆపేద్దామని ఏదో నొక్కేసింది. నేను చెప్పుకోలేదు” అన్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు తలలూపారు.

ఆఫీసరు రాసుకున్నారు. చేయిద్దామన్నారు. తర్వాత పెన్ను మూసి, నిజంగా నా మేలు కోరేవాడిలాగే మెత్తగా అన్నారు. “టీమ్‌లోనే ఉండండి. కానీ మీ ఇంట్లో మళ్ళీ గొడవెందుకు? ఆదివారాలు మిమ్మల్ని తప్పించేస్తాను.”

“వద్దు సార్” అన్నాను. “ఆదివారాలన్నీ నాకే వేయండి.”