నల్ల తాడు కట్టిన రాయి

పొద్దున్నే లేచి నాచు మీద రాలిన ఆకులు ఏరడం తొకుజో తాతకీ, మనవరాలు కొహారుకీ అలవాటు. చీపురు తగిలితే నాచు లేచిపోతుందని చేత్తోనే ఏరేవాళ్లు. తోట పట్టుమని పది చాపలంత ఉండదు గానీ, ముసలాయన హడావుడి చూస్తే రాజుగారి ఉద్యానవనమే అనుకోవాలి.

తోటలోకి ఎవరూ రాకూడదనుకున్న రోజున గుండ్రాయికి నల్ల తాడు చుట్టి, ముడేసి, బాట మీద పెట్టేవాడు. కనజావా ఊళ్లో చాలా తోటల్లో పెడతారు అలాంటి రాయి, ఇక్కడితో ఆగండని. తొకుజో ముడేస్తే మాత్రం నిజంగానే కాలు లేచేది కాదు. సోయా జున్ను టోఫూ అమ్మే ఒకియో ఓసారి అక్కడే ఇరుక్కుపోయి, "తొకుజో గారూ, మీ రాయి తియ్యండి మహాప్రభో, నా సరుకు పులిసిపోతోంది!" అని లబోదిబోమంది. ఎవరూ వింతపడలేదు. ముడంటే అలా ఉండాలన్నారంతే. ఆ ముడి కొహారుకీ నేర్పాడాయన.

చలి మొదలవగానే కొహారుకి జ్వరం పట్టుకుంది. గంజి కూడా గొంతు దిగడం లేదు. అప్పుడే తోటలో చెక్క చెప్పుల చప్పుడు మొదలైంది. మనిషి కనబడడు. రోజూ సాయంత్రం టక్ టక్‌మని వచ్చి, బాట పొడుగునా అడుగుకొకటిగా పరిచిన రాళ్ల మీద నిన్నటికంటే ఒక రాయి ముందుకేసి ఆగుతాడు.

"నాకోసమేలే," అన్నాడు తాత, టీకి బొగ్గులు రాజేసుకుంటూ. "ఈ వయసులో పైనుంచి పిలుపు రాకపోతే అదీ చిన్నతనమే."

"రానియ్యకు తాతా!"

"తప్పే పిల్లా. అతిథిని వానలో నిలబెడతామా?"

అమ్మ ఏడుస్తూనే వరండా తుడిచింది, అంతటివాడు వస్తుంటే ఇల్లు మురికిగా ఉండకూడదని. కొహారు దుప్పటి ముసుగేసుకుని వణికింది. తాత లేని తోటలో ఆకులు తనొక్కతే ఏరాలేమో అనుకుంది.

మర్నాటికి వరండా ముందు ఒక్క రాయే మిగిలింది. అమ్మ వంటింట్లో ఉంది. కొహారు పాక్కుంటూ వచ్చి, గుండ్రాయికి తాడు చుట్టి, ఆ ఆఖరి రాయి మీద పెట్టింది.

టక్. టక్. చప్పుడు ఆగిపోయింది.

"ఆగాడు!" అని చప్పట్లు కొట్టబోయి, కొయ్యబారిపోయింది. తాత కూడా రాయి అవతలే ఉన్నాడు. మంచుకి కొమ్మలు విరగకుండా దేవదారుకి తాళ్లు బిగించడానికి వెళ్లినవాడు వెనక్కొస్తున్నాడు.

తాత కాలెత్తబోయాడు. లేవలేదు. నవ్వాడు. "భేష్! నాకంటే గట్టిగా వేశావే దొంగపిల్లా."

"విప్పేస్తానుండు తాతా, నువ్వొక్కడివీ గబుక్కున వచ్చెయ్!"

తాత పక్కకి చూశాడు. తడి రాతి మీద చెప్పుల గుర్తులు. తాత భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డా ఆ గుర్తులు ఆయన వైపు తిరగలేదు. రెండు ముందుకొసలూ వరండా వైపే, జ్వరంతో మాడిపోతున్న పిల్ల వైపే ఉన్నాయి. ముసలాయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ముట్టుకోకు! ఆ ముడి ముట్టుకున్నావంటే ఊరుకోను!"

పుట్టి బుద్ధెరిగాక తాత తనమీద అరవడం అదే మొదలు. కొహారు చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆ ఊళ్లో ఎవరినైనా టీకి పిలిస్తే, ఇంటాయన తోటలోకి ఎదురొచ్చి, మాట్లాడకుండా వంగి దణ్ణం పెడతాడు. అతిథి తిరిగి వంగి, ఆయన వెంట నడవాలి. ఎంతటివాడికైనా అదే మర్యాద. తాత తడి బట్టలు సర్దుకుని ఆ గుర్తులకెదురుగా నిలబడ్డాడు. సర్దిన బట్టలే మళ్లీ మళ్లీ సర్దుకుంటున్నాడు. ఆయనకీ భయమేనని కొహారుకి అప్పుడే తెలిసింది. ఆయన నడుం వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

గుర్తులు మెల్లగా ఆయన వైపు తిరిగాయి.

తాత ముందు, వెనక టక్ టక్, ఇద్దరూ గేటు దాటారు. ఆయన తలుపు శబ్దం కాకుండా దగ్గరికి వేశాడు.

అమ్మ పరిగెత్తుకొచ్చి కొహారు నుదురు తాకింది. చల్లగా ఉంది. "ఏమైందే? తాతేడీ?"

చెబుదామని నోరు తెరిచింది కొహారు. "ఆకలేస్తోందమ్మా," అంది. అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయి, బావురుమంది.