ఫ్రిజ్ పాడిన మంద్రస్వరం

ఆర్కెస్ట్రాలో అందరూ అతన్ని రాడార్ అనేవారు. ఏ పాటైనా ఒక్కసారి వింటే స్వరాలు రాసి పారేస్తానని కోతలు కోసేవాడు మరి. స్వరాలు రాసే పాత మనిషి మానేయగానే మాస్టర్ ఇతన్నే పట్టుకున్నాడు.

"సోమవారానికి ఓ కొత్త పాట విని స్వరాలు రాసుకురా. బాగుంటే ఆ పని నీదే."

పదేళ్లుగా చివరి వరసలో క్లారినెట్ ఊదుతున్నవాడికి అంతకంటే ఏం కావాలి! చెవి మాత్రం మొరాయించింది. వంటింట్లో పెద్దమ్మ కూనిరాగం తీస్తుంటే ఫోన్లో రికార్డు చేసి, స్వరాలు పట్టే సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాడు. అది పాటను నత్తనడక నడిపించి, స్వరాలను తెరమీద చుక్కలుగా పెట్టింది. అడుగున మొదటి నుంచి చివరిదాకా ఒకటే మంద్రస్వరం. పెద్దమ్మ గొంతులో ఇంత లోతుందా అని మురిసిపోయి, దాన్ని బేస్ గిటార్‌కి రాసేశాడు మహానుభావుడు.

రిహార్సల్లో అది మోగగానే మాస్టర్ కళ్లు మూసుకున్నాడు.

"ఆహా! ఏం గాంభీర్యమయ్యా!"

పని ఖాయమైంది. రాడార్ ఇంటికొచ్చి పెద్దమ్మకి గొప్పగా వినిపించాడు. ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

"ఒరేయ్ సన్నాసీ, ఆ అడుగున ఉన్నది నేను కాదురా, మన ఫ్రిజ్జు!"

రాడార్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రోజు నుంచి పెద్దమ్మ వదిలిపెట్టలేదు. "ముందు పాడు. పాడలేనిది రాయకు," అనేది. ఒక్కో ముక్కా నెమ్మదిగా పెట్టుకుని వినడం, పాడటం, రాయడం, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోవడం. మూడు నెలలు మూడు చెరువుల నీళ్లు తాగి, పెద్దమ్మ పాడిన ఇంకో పాటని అచ్చంగా తన చెవితోనే రాశాడు. ఒక్క తప్పు లేదు. కాగితం పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

మాస్టర్ విని మొహం చిట్లించాడు.

"ఏమయ్యా, ఇంత చప్పగా ఉంది? ఆ గాంభీర్యం ఏమైంది?"

"మాస్టారూ, నిజం చెప్తున్నా... అది మా ఫ్రిజ్ చప్పుడండీ."

"ఫ్రిజ్జో బీరువానో, నాకనవసరం. నాకు అదే కావాలి. రేపటికి రాసుకురా, లేదంటే ఇంకొకర్ని చూసుకుంటా."

రాడార్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికెళ్లి, పెద్దమ్మ వంక చూడకుండా వంటింట్లో నేలమీద చతికిలబడ్డాడు. ఈసారి ఫోన్ తీయలేదు. ఫ్రిజ్ తలుపుకి చెవి ఆనించి, ఒకసారి గొంతు కలిపి చూసుకుని, ఆ స్వరం తప్పులేకుండా రాసుకున్నాడు.