దెయ్యం మొహాల చెక్కలు

చెక్కలకి కళ్ళు పొడవడం పిల్లలకి భలే సరదాగా ఉంది. బియ్యప్పిండి ముద్దని ప్లాస్టిక్ కాగితం మీద అదిమి, పుల్లతో రెండు చిల్లులు పెట్టి, నోటి దగ్గర కారం అద్దుతున్నారు. రేపు మా ధీరజ్ ఏడో పుట్టినరోజు. టీవీలో కార్టూన్లు చూసి దెయ్యాల పార్టీ కావాలన్నాడు. నూనె ముందు నిలబడేది ఎలాగూ నేనే కదా, చెక్కలైతేనేం, దెయ్యాలైతేనేం అని ఒప్పుకున్నాను. జంతికలు విరబోసుకున్న జుట్టు, చేగోడీలు కనుగుడ్లు. చిల్లులు సరిగ్గా పెట్టకపోతే చెక్క పొంగి మొహం పాడవుతుందని చెప్పాను. అంతకుమించి మాట్లాడలేదు. నేనెప్పుడూ ఎక్కువ మాట్లాడను.

మొన్న గుడ్లవల్లేరు నుంచి ఫోనొచ్చింది. మా పెద్దది యశస్విని కడుపులో పడేదాకా నేను లెక్కలు చెప్పిన స్కూలు. సోమవారం నుంచి రాగలరా అండీ అని అడిగారు. భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూనే, "మళ్ళీ మొదలైందా నీకు?" అన్నారు. అత్తయ్య పెరుగు వడ్డిస్తూ నా మొహంలోకి పరీక్షగా చూశారు. నాకేమీ అనిపించలేదు. కంచాలు తీసి గిన్నెలు కడుక్కున్నాను.

ఆ మొదలవడం ఏమిటో పిల్లలకి తప్ప ఈ ఇంట్లో అందరికీ తెలుసు. యశస్విని ఆర్నెల్ల పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు కంచం విసిరికొట్టి, నా ఉద్యోగానికి నేను వెళ్తానని అరిచాను. అప్పటిదాకా నా గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలీదు. అది కోడలి గొంతు కాదని అత్తయ్య తేల్చేశారు. ఆయన ఎవరో మంత్రగాణ్ణి తీసుకొచ్చారు. వాడు వేపమండలు పట్టుకుని ఎవరే నువ్వు అన్నాడు. శ్రీలేఖని అన్నాను. కొట్టాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ నా పేరే చెప్పాను. ఎన్నో దెబ్బకో గుర్తులేదు, అంతకు ముందేడు కాలవలో పడి చనిపోయిన ఎదురింటి సీతారత్నాన్నని ఒప్పుకున్నాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ పూటతో నేను మొద్దుబారిపోయాను. ఇప్పుడు నూనె చింది చేతి మీద పడినా ఉలిక్కిపడను.

ధీరజ్ పిండి చేతులతోనే వాళ్ళ నానమ్మ వైపు తిరిగి, నిజం దెయ్యాన్ని చూశావా అని అడిగాడు. అత్తయ్య నవ్వారు. మీ అమ్మనడుగు, మీ అక్క చంటిదిగా ఉన్నప్పుడు పట్టింది అన్నారు. ఎప్పుడో కామెర్లొచ్చి తగ్గాయన్నంత మామూలుగా అన్నారు.

యశస్విని చేతిలో పుల్ల ఆగిపోయింది. దానికి పదేళ్ళు. నన్ను భయంగా చూస్తోంది, నా పిల్ల నన్ను చూసి భయపడుతోంది. పదేళ్ళ తర్వాత నాకు మొదటిసారి నొప్పి తెలిసింది.

"అదేం కావాలందమ్మా?" అని అడిగింది.

"ఉద్యోగానికి వెళ్తానంది."

"అంతేనా?"

"అంతే."

దాని పేరేంటని ధీరజ్ అడిగాడు. సీతారత్నం అని అత్తయ్యే అందుకున్నారు.

నేను స్టవ్ తగ్గించాను.

"కాదత్తయ్యా. ఆ రోజు దెబ్బలకి తాళలేక అబద్ధం చెప్పాను. దాని పేరు శ్రీలేఖ. సోమవారం నుంచి గుడ్లవల్లేరు బస్సెక్కుతుంది."